ఈ ఎండాకాలం మా చిన్న సంఘం ఏం చేస్తే బాగుంటుంది? విబిఎస్, చలివేంద్రం, ఇంకేమైనా (గుంటూరు)

నల్లపాడు_తమ్ముడు

అందరికీ వందనాలు. మాది గుంటూరులో నల్లపాడు వైపు చిన్న సంఘం. రేకుల కప్పు, ఆదివారం ఆరాధనకు మహా అయితే డెబ్బై మంది. ఈస్టర్ సందడి అయిపోయింది కదా, అయ్యగారు (మా పాస్టరుగారు) యూత్‌ని కూర్చోబెట్టి వేసవి సంగతి తేల్చమన్నారు. ఏటా చేసేది మాకు కంఠతా వచ్చు. పది రోజులు విబిఎస్ (సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిలు బడి), చివరిరోజు ర్యాలీ, మేలో ఒక ఆదివారం సెంటర్లో మజ్జిగ పంపిణీ, దానికో ఫ్లెక్సీ. ఆ మజ్జిగ ఒంటిగంటకల్లా అయిపోతుంది, మళ్లీ వచ్చే మే దాకా ఆ ఊసే ఉండదు.

ఈసారి పెద్దల్లో రెండు మాటలు వచ్చాయి. పేదలకు ఒకరోజు ఘనంగా భోజనాలు పెడదామని కొందరు, అదే డబ్బుతో వేసవంతా చలివేంద్రం నడుపుదామని కొందరు. రెండూ చేసే స్తోమత మాకు లేదు. మీ సంఘాల్లో ఏది నిలబడింది, ఏది మధ్యలో ఆగిపోయింది, దాచకుండా చెప్పండి.

బెజవాడ_ఎండ

నా ఓటు చలివేంద్రానికే. కానీ ఒక షరతు. ప్రారంభోత్సవం చేయొద్దు.

మా కృష్ణలంకలో, బస్టాండ్ చుట్టుపక్కల, ఏప్రిల్ రాగానే ఎన్ని పందిళ్లు లేస్తాయో చూడాలి. పార్టీలవి, వర్తక సంఘాలవి, మన చర్చీలవి. రిబ్బన్ కట్ చేసిన రోజు పుచ్చకాయ ముక్కలు, మజ్జిగ, ఫోటోగ్రాఫర్. రెండోవారం వెళ్లి చూస్తే పందిరి ఉంటుంది, కుండ ఉంటుంది, నీళ్లే ఉండవు. గ్లాసుకు కట్టిన గొలుసు మాత్రం ఎవరూ ఎత్తుకుపోకుండా గట్టిగా ఉంటుంది.

మధ్యాహ్నం మూడింటికి కుండ నింపే మనిషి పేరు ఇప్పుడే చెప్పగలిగితే పెట్టండి. "యూత్ చూసుకుంటారు" అంటే మాత్రం వద్దు, భోజనాలే పెట్టండి. కనీసం ఆ రోజుకైనా కడుపు నిండుతుంది.

సండేస్కూల్_టీచరమ్మ

నాయనా నల్లపాడూ, ముందు విబిఎస్ సంగతి. నేను గవర్నమెంట్ స్కూల్లో పనిచేసి రిటైర్ అయ్యాను. ఎండాకాలం సెలవులంటే నాకు విబిఎస్ తప్ప వేరే గుర్తు లేదు. మామూలుగా ఏప్రిల్ 23తో బడులు మూస్తారు, జూన్ 12న తెరుస్తారు. ఈ మధ్యలో ఎప్పుడు పెట్టాలన్నది చాలామంది ఆలోచించరు. మే రెండోవారం దాటాక పిల్లలు అమ్మమ్మగారి ఊళ్లకు పోతారు, పైగా పెళ్లిళ్లు. బడి మూసిన వెంటనే, పిల్లలు ఇంకా వీధిలో ఉండగానే మొదలుపెట్టాలి.

రోహిణి కార్తె జోలికి అసలు పోవద్దు. రోళ్లు పగిలే ఎండలో రేకుల కింద బిగినర్స్ పిల్లల్ని కూర్చోబెట్టి "సంతోషంగా పాడండి" అంటే ఎలా పాడతారు? పొద్దున ఏడున్నరకి మొదలు, పదికల్లా పిల్లలు ఇళ్లకు చేరాలి. రేకుల మీద తాటాకులు పరిచి, ఉదయాన్నే తడపండి. తేడా మీకే తెలుస్తుంది. కంఠతవాక్యం, కథ ముందు. క్రాఫ్ట్ చివర్లో పెట్టండి, అప్పటికి చెమటలు పట్టి పిల్లల బుర్ర పనిచేయదు, చేతులు పనిచేస్తాయి.

పది రోజులు కాకుండా ఐదే చేసినా పరవాలేదు. టీచర్లు లేకుండా పది రోజులు లాగడం కన్నా నయం.

పాస్టరుగారి_అబ్బాయి

టీచరమ్మగారూ, మీరు పిల్లల గురించి చెప్పారు. నేను వంటింటి గురించి చెబుతా. విబిఎస్ జరిగినన్నాళ్లూ టీచర్లందరికీ మధ్యాహ్నం భోజనం వండేది మా అమ్మ. బయటి నుంచి వచ్చే స్పీకర్‌కి మా ఇంట్లోనే బస. కూలర్ ఆయన గదిలోకి, మేమంతా డాబా మీదకి. మా నాన్న స్టేజీ మీద "దేవుడు సమస్తమూ సమకూర్చాడు" అంటారు. సమకూర్చింది ఎవరో మా వీధి చివరి కూరగాయల బండివాడికి తెలుసు.

నవ్వులాటకి అన్నా, విషయం నిజమే. ఏం పెట్టుకున్నా పాస్టరమ్మగారి నెత్తిన వేయకండి. వంతులు వేసుకోండి. ఆ వంతుల్లో మగవాళ్ల పేర్లు కూడా ఉండాలి. బిర్యానీ డేగ్‌చా దగ్గర గరిటె పట్టుకుని ఫోటో దిగేవాళ్లకి పెసరపప్పు ఉడికించడం కూడా వస్తుందనే నా నమ్మకం.

యార్డు_గుమస్తా

చలివేంద్రం ఎక్కడ పెడతారన్నది ఎవరూ అడగలేదేంటి? సెంటర్లో పెడితే బైకుల వాళ్లు తాగుతారు. తప్పు లేదు, కానీ వాళ్ల దగ్గర బాటిల్ ఉంటుంది, లేకపోతే పక్కన కూల్‌డ్రింక్ షాపు ఉంటుంది.

నేను మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమస్తాని. సీజన్‌లో హమాలీల పరిస్థితి ఒక్క పూట చూడండి. టిక్కీ, అంటే మిర్చి బస్తా, ఒక్కోటి నలభై కేజీల పైనే. అది వీపున వేసుకుని లారీ ఎక్కించాలి. పైన ఎండ, కింద కాంక్రీటు సెగ, గాలి నిండా మిర్చి ఘాటు. నీళ్లు దొరికితే మా వాళ్లు ముందు తాగరు. మొహం మీద కొట్టుకుంటారు, చేతులు మోచేతుల దాకా కడుక్కుంటారు, కళ్లు తుడుచుకుంటారు, ఆ తర్వాత తాగుతారు. మీరు తాగే కుండ ఒక్కటే పెడితే గంటలో ఖాళీ. కడుక్కోవడానికి వేరే డ్రమ్ము, ఒక మగ్గు, పక్కన కాస్త సబ్బు పెట్టండి. ఇది చెప్పేవాడు లేక చాలా చలివేంద్రాలు బురదగుంటలయ్యాయి.

ఇంకోటి. మే నెలలో యార్డుకి వేసవి సెలవులు ఇస్తారు. తేదీలు కనుక్కుని లెక్క వేసుకోండి. ఆ రోజుల్లో హమాలీలకు, మిర్చి తొడిమలు తీసే ఆడకూలీలకు కూలీ ఉండదు. వేరే పనులు వెతుక్కుంటారు, కొందరు సొంతూళ్లకు వెళ్లిపోతారు. మీ పెద్దలు భోజనమే పెట్టాలనుకుంటే జనం ఉన్న సెంటర్లో కాదు, కూలీ దొరకని రోజుల్లో ఆ పేటల్లో, ఇంటికి సరుకుగా ఇవ్వమనండి. బియ్యం, కందిపప్పు, నూనె. ఒక పూట బిర్యానీ కన్నా అదే పనికొస్తుంది.

బెజవాడ_ఎండ

గుమస్తాగారూ, ఆ డ్రమ్ము మాట బంగారం. మా వాళ్లకి చూపిస్తున్నా.

స్టాఫ్_నర్సు_మణి

నేను గుంటూరులోనే నర్సుని, ఏ ఆసుపత్రి అన్నది వదిలేయండి. చలివేంద్రం పెట్టే చర్చీలకు రెండు మూడు సంగతులు చెప్పాలి, ఎందుకంటే వేసవిలో మా వార్డుకి వడదెబ్బతోనే కాదు, నీళ్ల విరేచనాలతో, కామెర్లతో కూడా వస్తారు.

ఐసు. దయచేసి చేపలకు వేసే ఐసు దిమ్మ తెచ్చి మజ్జిగలో వేయకండి. అది తాగే నీళ్లతో చేసింది కాదు. చల్లదనం కుండతోనే వస్తుంది. కొత్త కుండని రాత్రంతా నానబెట్టి, కింద ఇసుక పోసి, చుట్టూ తడి గోనెపట్టా కట్టండి. ఉక్కపోత ఎక్కువైన రోజు కుండ నీళ్లు అంతగా చల్లబడవు, గాల్లో తేమ ఉంటే కుండ తడి ఆరదు కదా. ఆ రోజు జనం "నీళ్లు వేడిగా ఉన్నాయి" అంటే ఐసు కోసం పరిగెత్తకండి.

కొళాయి ఉన్న కుండలే కొనండి. చేతులు ముంచే కుండ అయితే ఎంత మంచి నీళ్లు పోసినా సాయంత్రానికి పాడైనట్టే. క్లోరిన్ బిళ్లలు వాడితే ప్యాకెట్ మీద రాసిన కొలతే వేయండి, అరగంట ఆగి అప్పుడు తాగనివ్వండి.

ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లలో కలపాలి. సగం ప్యాకెట్ గ్లాసులో వేసి తాగించడం చాలాచోట్ల చూశాను, ఉప్పు ఎక్కువై లేనిపోని ఇబ్బంది. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. ప్యాకెట్లు లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి కొలవాలి. బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా దాన్ని మంచినీళ్లలా తాగకూడదు.

అన్నిటికన్నా ముఖ్యం, పందిరి దగ్గర కూర్చునే కుర్రాడికి వడదెబ్బ గుర్తులు తెలియాలి. మనిషి తడబడుతూ మాట్లాడినా, ఎక్కడున్నాడో తెలియనట్టు ప్రవర్తించినా, ఒళ్లు కాలిపోతున్నా అది మామూలు నీరసం కాదు. "చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదు" అనుకోవద్దు, బరువులు మోసేవాళ్లకు చెమట పడుతూనే రావచ్చు. నీడలోకి చేర్చి, చొక్కా విప్పి, మెడ, చంకలు, గజ్జల దగ్గర తడిగుడ్డలు పెట్టి, విసరండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. తెలివి తప్పినవాడి నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ప్రార్థన చేస్తూ విసరండి, ప్రార్థన అయ్యాక విసరడం కాదు.

అరండల్‌పేట_రావు

నేను క్రైస్తవుణ్ని కాను, కానీ చర్చి పక్కింటివాణ్ని. మాట్లాడే హక్కు ఉందనుకుంటా.

మా పాప రెండేళ్ల కిందట విబిఎస్‌కి వెళ్లింది, స్నేహితురాళ్లు వెళ్తున్నారని. యాక్షన్ సాంగ్స్ నేర్చుకుని ఇంట్లో గంతులేసింది, మేమూ నవ్వుకున్నాం. నాకు నచ్చింది ఏమిటంటే ఆ టీచరు ముందే ఇంటికొచ్చి, "ఇక్కడ బైబిలు కథలు, ప్రార్థన ఉంటాయండి, మీకు ఇష్టమైతేనే పంపండి" అని చెప్పింది. వేరే ఏరియాలో ఒకచోట "సమ్మర్ క్యాంప్, డ్రాయింగ్, స్పోకెన్ ఇంగ్లీష్" అని పాంప్లెట్ వేశారు. పిల్లాడు ఇంటికొచ్చి ప్రార్థన చేస్తే వాళ్ల నాన్న గొడవకి వెళ్లాడు. లోపల ఏముందో బయట బోర్డు మీద అదే రాయండి. మోసపోయామన్న భావం ఒక్కసారి కలిగితే, తర్వాత మీరిచ్చే మంచినీళ్ల మీద కూడా అనుమానమే.

రెండోది మైకు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా వద్దని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలే చెబుతున్నాయి, మా చర్చివాళ్లు అది పాటిస్తారు. కానీ సాయంత్రం కూటాలప్పుడు పెద్ద బాక్సులు మా బాల్కనీ వైపే తిప్పి పెడతారు. ఎండాకాలం, కరెంటు పోతే కిటికీలు మూసుకోలేం. బాక్సులు లోపలివైపు తిప్పమని అడిగితే తిప్పారు. అడగకముందే తిప్పితే ఇంకా బాగుండేది.

కోశాధికారి_1

రావుగారి రెండు మాటలూ మినిట్స్ పుస్తకంలో రాసుకోవలసినవి.

నేను డబ్బు సంగతి చూస్తా. చలివేంద్రం చవక అనుకుంటారు, కాదు. పందిరి, కుండలు ఒకసారి ఖర్చు. రోజూ అయ్యేది నీళ్ల క్యాన్లు, మజ్జిగ అయితే పెరుగు, పందిరి దగ్గర కూర్చునే మనిషికి ఏదో ఒకటి. వారానికింత అని లెక్క కట్టి, జూన్ మొదటివారం దాకా గుణించి చూసి, ఆ మొత్తం చేతిలో ఉంటేనే మొదలుపెట్టండి. సంఘంలో ఒక్కో కుటుంబం ఒక్కో రోజు నీళ్ల ఖర్చు పెట్టుకునే పద్ధతి మా దగ్గర బాగానే నడిచింది. పుట్టినరోజు, పెళ్లిరోజు ఉన్నవాళ్లు ఆ తేదీ పట్టుకుంటారు. మజ్జిగ మాత్రం శని, ఆదివారాలే. రోజూ మజ్జిగ అంటే మూడోవారానికి అది తెల్లనీళ్లవుతుంది.

కానుకల పెట్టె మాత్రం పందిరి దగ్గర పెట్టకండి. దాహం తీర్చి చేయి చాపినట్టు ఉంటుంది.

నల్లపాడు_తమ్ముడు

ఇంత చెబుతారనుకోలేదు, థాంక్స్. ఒక చిక్కు ఉంది. మాలో ఒక పెద్దాయన భోజనాలకే పట్టుబడుతున్నారు. ఫ్లెక్సీ మీద వాళ్ల నాన్నగారి జ్ఞాపకార్థం అని వేయాలట, సగం ఖర్చు ఆయనే పెట్టుకుంటారు. కాదంటే ఆ డబ్బు రాదు. ఏమంటారు?

బెజవాడ_ఎండ

కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని మత్తయి ఆరో అధ్యాయంలో ఉంది. మన దగ్గర కుడిచెయ్యి చేసేది ఎడమచేతిలోని ఫోన్‌కి తెలియాలి.

కోశాధికారి_1

వెటకారం సులభం బ్రదర్, ఆదివారం సాయంత్రం లెక్క చూసేవాడికి కష్టం. సగం ఖర్చంటే చిన్న సంఘానికి చిన్న మాట కాదు. తండ్రిని తలుచుకోవాలనుకోవడంలో తప్పేముంది? ఫ్లెక్సీ బదులు, కుండల పక్కన చిన్న చెక్కపలక మీద ఆ పేరు రాయిస్తామనండి. ఒక్కరోజు ఫ్లెక్సీ కన్నా వేసవంతా కనిపించే పలక ఆయనకీ లాభమే. అలా చెబితే వింటారు.

బెజవాడ_ఎండ

ఒప్పుకోను. పేరు పలక మొదలైతే వచ్చే ఏడాది కుండకో పేరు, గ్లాసుకో పేరు. మా సింగ్‌నగర్‌లో 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు ఇళ్లలోకి వచ్చినప్పుడు నడుంలోతు నీళ్లలో పాలప్యాకెట్లు, పులిహోర పొట్లాలు తెచ్చినవాళ్లు ఏ చర్చో, ఏ గుడో, ఏ మసీదో ఎవరూ అడగలేదు. తెచ్చినవాళ్లూ చెప్పలేదు.

స్టాఫ్_నర్సు_మణి

వరద వేరు, వేసవి వేరు. వరదలో నాలుగు రోజులు ఎవరైనా పరిగెడతారు. ఏడు వారాలు ఒకే కుండ దగ్గర కూర్చోవాలంటే మనుషులు కావాలి, డబ్బు కావాలి. పలక ఉంటే ఏం మునిగిపోతుంది? దాని మీద ధూళి పట్టకుండా ఆయన కొడుకులే వచ్చి తుడుస్తారు, వచ్చినప్పుడు కుండ కూడా చూస్తారు.

మెడికల్ క్యాంప్ గురించి ఎవరూ అడగలేదు కాబట్టి అడక్కుండానే చెబుతున్నా. రిజిస్టర్డ్ డాక్టర్ లేకుండా బీపీ, షుగర్ చూసి మాత్రలు పంచే క్యాంపులు పెట్టకండి. షుగర్ ఉందని చెప్పి వదిలేస్తే ఆ మనిషి తర్వాత ఎక్కడికి వెళ్లాలో ఎవరు చెబుతారు? పరీక్ష చేసి, దగ్గర్లోని అర్బన్ హెల్త్ సెంటర్‌కి చీటీ రాసి, వెళ్లారా లేదా అని కనుక్కునే మనిషి ఉంటేనే పెట్టండి.

సండేస్కూల్_టీచరమ్మ

మణీ, బాగా చెప్పావమ్మా. మన ఊళ్లో దీనికి పాత ఉదాహరణే ఉంది. అన్నా కుగ్లర్ అనే అమెరికా మిషనరీ డాక్టరమ్మ గుంటూరు వచ్చింది 1883లో. ఆమె ఆసుపత్రి తెరుచుకుంది 1898లో. ఆ మధ్య పదిహేనేళ్లు ఆమె ఇళ్లకు తిరిగింది, చిన్న డిస్పెన్సరీ నడిపింది. క్యాంప్ పెట్టి వెళ్లిపోలేదు.

నాకు మాత్రం వీటన్నిటికన్నా వేరే పని మీద మనసు ఉంది. 1842లో మిషనరీ హేయర్ దొర గుంటూరు వచ్చినప్పటి నుంచి ఇక్కడ సువార్త పని, బడి పని కలిసే నడిచాయి. 1885లో మొదలైన ఏసీ (ఆంధ్ర క్రిస్టియన్) కాలేజీలో చదివినవాళ్లు ఈ ఊళ్లో ప్రతి పేటలో ఉంటారు. ఇప్పుడు మన చిన్న సంఘాలు పిల్లలకు అయిదు రోజులు పాటలు నేర్పి వదిలేస్తున్నాయి. పదో తరగతి తప్పిన పిల్లల్ని ఎవరు పట్టించుకుంటున్నారు?

ఏప్రిల్ చివర్లో ఫలితాలు వస్తాయి. మేలోనే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ. మధ్యలో దొరికేది నాలుగు వారాలు. పాసైనవాళ్లకి స్వీట్లు, సంఘంలో చప్పట్లు. తప్పినవాడు ఆ ఆదివారం చర్చికే రాడు. ఇంట్లో తిట్లు, నాలుగో రోజుకి ఏ కోల్డ్ స్టోరేజీలోనో పనికి పెడతారు. ఇంక తిరిగి పుస్తకం పట్టడు. ఆడపిల్లకయితే సంబంధాలు చూడటం మొదలు.

ఫీజు కట్టే గడువు ఫలితాలు వచ్చిన కొద్దిరోజుల్లోనే అయిపోతుంది, స్కూల్ హెడ్మాస్టర్ ద్వారా కట్టాలి. చాలామంది అక్కడే తప్పిపోతారు. మీ యూత్‌లో ఇద్దరు ఆ వారం పేటలో ఇల్లిల్లూ తిరిగి, తప్పినవాళ్లెవరో కనుక్కుని, ఫీజు కట్టించండి. చర్చి వరండాలో సాయంత్రం రెండు గంటలు లెక్కలు చెప్పండి. ఎక్కువమంది తప్పేది లెక్కల్లోనే, నా అనుభవంలో. 35 మార్కులకు ఏ పాఠాలు చాలో టీచర్లకు తెలుసు. అన్ని మతాల పిల్లలనూ రానివ్వండి, అక్కడ ప్రార్థన పెట్టకండి. రావుగారు చెప్పినట్టు, బోర్డు మీద ట్యూషన్ అని రాస్తే లోపల ట్యూషనే ఉండాలి.

పాస్టరుగారి_అబ్బాయి

టీచరమ్మగారూ, నేను ఇంటర్‌లో తప్పినప్పుడు మా నాన్న ఆ ఆదివారం ప్రసంగం "తప్పిపోయిన కుమారుడు" మీద చేశారు. సంఘమంతా నా వైపే చూశారు. ఇలాంటి వరండా ఒకటి ఉండి ఉంటే చాలా హాయిగా ఉండేది.

అరండల్‌పేట_రావు

దీనికైతే మా అపార్ట్‌మెంట్‌లో వాళ్లు కూడా పాత గైడ్లు, టెస్ట్ పేపర్లు ఇస్తారు. అడిగి చూస్తా.

యార్డు_గుమస్తా

మా హమాలీల పిల్లల్లో ప్రతి ఏడాదీ ఉంటారు తప్పినవాళ్లు. పేర్లు కనుక్కుని నేను చెబుతా. సాయంత్రం ట్యూషన్ అయితే పగలు పనికి వెళ్లే కుర్రాళ్లు కూడా వస్తారు. ఐదింటికి కాదు, ఆరున్నరకి పెట్టండి.

నల్లపాడు_తమ్ముడు

నిన్న రాత్రి కమిటీ అయింది. రెండు గంటలు సాగింది, ఒకాయన మధ్యలో లేచి వెళ్లిపోయారు, మళ్లీ వచ్చారు. తేలింది ఇది. విబిఎస్ ఈసారి ఆరు రోజులే, బడులు మూసిన వెంటనే, పొద్దున ఏడున్నర నుంచి పది. పిల్లల ఇళ్లకు ముందే వెళ్లి చెప్పే పని స్త్రీల సమాజం తీసుకుంది. చలివేంద్రం సెంటర్లో కాకుండా యార్డు వైపు రోడ్డు మీద, కుండలు రెండు, కడుక్కునే డ్రమ్ము ఒకటి. వంతుల కాగితం గోడకి అంటించాం, అయ్యగారి పేరు కూడా మంగళవారం మధ్యాహ్నం గళ్లో ఉంది. ఆ పెద్దాయన పలకకి ఒప్పుకున్నారు కానీ ఫ్లెక్సీ ఆశ పూర్తిగా వదల్లేదు, "చిన్నదైనా" అంటున్నారు. అది ఇంకా తేలలేదు. బెజవాడ అన్న తిట్టుకోవచ్చు.

ట్యూషన్‌కి అందరూ సరే అన్నారు, ఆశ్చర్యంగా ఒక్కరు కూడా ఎదురు చెప్పలేదు. లెక్కలు చెప్పడానికి మాలోనే ఒక అక్క ఉంది, బీఎస్సీ బీఈడీ. ఫిజికల్ సైన్స్‌కి ఎవరూ లేరు. గుంటూరులో ఎవరైనా ఉన్నారా? నాలుగు వారాలు, వారానికి మూడు సాయంత్రాలు, ఆరున్నర నుంచి. జీతం ఇవ్వలేం, ఆటో ఖర్చు ఇస్తాం.

సండేస్కూల్_టీచరమ్మ

నా పాత స్టూడెంట్ ఒకడు కొరిటెపాడులో ఉంటాడు, ప్రైవేటు స్కూల్లో అదే సబ్జెక్టు చెబుతాడు. సెలవుల్లో కూడా అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిప్పుతున్నారట పాపం, ఏడు దాటితే గాని ఖాళీ అవడు. ఏడుంపావుకి మార్చుకోగలిగితే నాకు మెసేజ్ పెట్టు, నంబర్ ఇస్తా. ఆటో ఖర్చు మాట వాడి దగ్గర నువ్వు ఎత్తకు, నేను మాట్లాడతా.